మాల్దీవుల సాయాన్ని టీవీ చర్చలు కోయించాయా? లెక్కలు అలా చెప్పడం లేదు

2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్ ఫొటోలపై ముగ్గురు మాల్దీవుల డిప్యూటీ మంత్రులు నోరు పారేసుకున్నారు. మన టీవీలు, సోషల్ మీడియా ‘బాయ్‌కాట్ మాల్దీవ్స్’ అని హోరెత్తాయి. ఆ తర్వాత వాట్సాప్‌లో బాగా తిరిగిన మాట ఇది: “మీడియా దెబ్బకు కేంద్రం మాల్దీవుల సాయాన్ని 770 కోట్ల నుంచి 400 కోట్లకు కోసేసింది, సాయం ఆగిపోయింది. ఎవరికి ఎంతివ్వాలో ఇక చానళ్లే తేలుస్తాయి.”

అంకెలు రెండూ నిజమే. పోల్చిన తీరే తప్పు. 770.90 కోట్లు 2023-24 సవరించిన అంచనా, అంటే ఖర్చు ఎటు పోతోందో చూసి ఏడాది చివర్లో దిద్దిన అంకె. 400 కోట్లు 2024-25 బడ్జెట్ అంచనా, ఏడాదికి ముందుగా తీసిపెట్టేది. బడ్జెట్ అంచనాను బడ్జెట్ అంచనాతోనే పోల్చాలి. 2023-24లోనూ అది 400 కోట్లే. విదేశాంగ శాఖ తన ఖర్చులకు పార్లమెంటును డబ్బు అడిగే గ్రాంట్ల డిమాండ్ పత్రంలో ఈ రెండు అంకెలూ వేర్వేరు గడుల్లో ఉంటాయి. గడి పైన ఉన్న శీర్షిక చదవకుండా అంకె ఒక్కటే కోసి పంచుకోవడం దగ్గరే ఈ పొరపాటు మొదలైంది.

“మీడియా దెబ్బకు” అన్నారు కదా, తేదీలు చూడండి. గొడవ జనవరి మొదటి వారంలో రేగింది. ఫిబ్రవరి 1 మధ్యంతర బడ్జెట్‌లో మాల్దీవులకు పెట్టింది 600 కోట్లు. కోపం ఇంకా చల్లారకముందే ముందటేడు అంచనా కన్నా సగం ఎక్కువ! జూలై పూర్తి బడ్జెట్‌లో అది 400 కోట్లకు తగ్గిన మాట వాస్తవం. తర్వాత 470 కోట్లకు సవరించారు, 2025-26కు మళ్లీ 600 కోట్లు పెట్టారు.

“సాయం ఆగిపోయింది” అన్నది అన్నిటికన్నా పెద్ద తప్పు. బడ్జెట్‌లోని ఆ ఒక్క వరుస గ్రాంటు, అంటే తిరిగి ఇవ్వక్కర్లేని సాయం మాత్రమే. మిగతా డబ్బు వేరే దారుల్లో వెళ్తుంది. 2024 మేలో స్టేట్ బ్యాంకు కొన్న 5 కోట్ల డాలర్ల మాల్దీవుల ట్రెజరీ బిల్లుల (ప్రభుత్వం కొద్దికాలపు అప్పు కోసం అమ్మే పత్రాలు) గడువును మరో ఏడాది పొడిగించారు. అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల కరెన్సీ మార్పిడికి, అంటే అవసరానికి తాత్కాలికంగా ఆ డబ్బు అందించడానికి ఒప్పుకుంది. ఇవేవీ ఆ వరుసలో కనిపించవు. ఏప్రిల్‌లో ఇచ్చిన ఎగుమతి కోటా కూడా చూడండి: 42.75 కోట్ల కోడిగుడ్లు, 1,24,218 టన్నుల బియ్యం. మాల్దీవులు డబ్బిచ్చే కొనుక్కుంటాయి, నిజమే. కానీ బియ్యం, ఉల్లి ఎగుమతులపై మనకే ఆంక్షలున్న రోజుల్లో ఆ వాటా దక్కడం చిన్న విషయం కాదు.

చానళ్లే తేలుస్తాయంటే భూటాన్ సంగతేమిటి? 2024-25లో అన్ని దేశాలకన్నా ఎక్కువగా 2,068 కోట్లు దానికే. అక్కడి పంచవర్ష ప్రణాళికకు 10,000 కోట్లిస్తామని మన ప్రభుత్వం మాటిచ్చింది. ఏళ్ల తరబడి సాగే ఇలాంటి హామీలను రాత్రి తొమ్మిది గంటల చర్చ కదిలించలేదు.

మీడియా బలం నిజంగా పనిచేసేది విపత్తు సాయంలో. 1968 నుంచి 2002 వరకు జరిగిన సుమారు 5,000 ప్రకృతి విపత్తులను ఐసెన్సీ, స్ట్రోమ్‌బెర్గ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. ఒలింపిక్స్ లాంటి పెద్ద వార్తలున్న రోజుల్లో వచ్చిన విపత్తులకు అమెరికా ప్రభుత్వ సాయం అందే అవకాశం తగ్గిందని తేల్చారు. అగ్నిపర్వతం ఒక్కరిని బలిగొంటే అమెరికా టీవీ వార్తల్లోకి ఎక్కే అవకాశం ఎంతో, ఆహార కొరతకు అంత అవకాశం దక్కాలంటే దాదాపు 40,000 మంది చనిపోవాలి.