తిరుపతి ఫ్లైట్ 28 నిమిషాలేనని తిప్పుతున్న మెసేజ్ గురించి

పొద్దున్నే ఫోన్ తీస్తే మళ్ళీ అదే, ఈ వారంలో నాలుగోసారి. శంషాబాద్ నుంచి రేణిగుంట గాల్లో 420 కిలోమీటర్లే, విమానం గంటకి 900 పోతుంది, 28 నిమిషాల్లో దిగాలి, టికెట్ మీద గంటా పావు వేసి మోసం చేస్తున్నారు, పది మందికి పంపండి అని.

దూరం కరెక్టే. కానీ ఆ 900 స్పీడు ఎక్కడ అందుకుంటుంది బాబూ? పది వేల అడుగుల లోపు 250 నాట్లు దాటకూడదు, అంటే గంటకి 460 కిలోమీటర్లు. పైకెక్కడానికే పావుగంట ఇరవై నిమిషాలు, 35 వేల అడుగుల నుంచి దిగాలంటే దాదాపు 190 కిలోమీటర్ల ముందే మొదలెట్టాలి, ఇవి రెండూ పోను 420లో ఇంకేం మిగుల్తుంది, అందుకే ఇంత దగ్గరకి అంత పైకీ వెళ్ళరు. ఏటీఆర్ (పంకాలుండే చిన్న విమానం) అయితే దాని స్పీడే 500 అటూ ఇటూ. పైగా టికెట్ మీది టైమ్ గాల్లో ఉండే టైమ్ కాదు, ఇక్కడ గేటు దగ్గర కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా.

ఆ మెసేజ్‌లోనే రెండో పాయింట్, భూమి తిరుగుతుంది కాబట్టి ఇక్కణ్ణుంచి వైజాగ్ వెళ్ళేటప్పుడు టైమ్ ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువట. గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది. తేడా వస్తే ఎదురుగాలి వల్ల వస్తుంది, అంతే.

నాకు ఒళ్ళు మండేది మూడో పాయింట్‌కి: "అరగంట ఫ్లైటే కాబట్టి గంటన్నర ముందు ఇంట్లో బయల్దేరితే చాలు". మా పిన్ని, బాబాయి ఇది నమ్మే కూకట్‌పల్లి నుంచి బయల్దేరారు. ఔటర్ మీద బానే వచ్చారు కానీ కౌంటర్ దగ్గరికి చేరేసరికి 40 నిమిషాలే ఉంది. డొమెస్టిక్‌కి మామూలుగా గంట ముందే కౌంటర్ మూసేస్తారు, ఎందుకంటే బ్యాగులు స్కాన్ చేసి లోపలికెక్కించాలి, బరువు లెక్క తేల్చి పైలట్‌కి ఇవ్వాలి. పిన్ని మూడొందల దర్శనం టికెట్ ప్రింటు చేతిలో పట్టుకుని "కొంచెం చూడమ్మా, రేపు పొద్దున్నే దర్శనం" అని కౌంటర్‌లో అమ్మాయిని అడుగుతూనే ఉంది, మడిచీ మడిచీ ఆ కాగితం మధ్యలో చిరిగిపోయింది. ఆ అమ్మాయిది తప్పు కాదు. ఈ మెసేజ్ రాసినోడిది, చదవకుండా పంపినోళ్ళది. ఆ రోజు ఇంకో ఫ్లైట్‌లో సీట్లు దొరకలేదు, రాత్రి రైలు దొరకలేదు, దర్శనం పోయింది.

టైమ్ కొంచెం ఎక్కువేసి చూపిస్తారన్నది మాత్రం నిజమే, ఆలస్యమైనా లెక్కలో సరిపోవాలని పది పదిహేను నిమిషాలు కలుపుతారు, ఒక్కోసారి ముందే దిగేది అందుకే. విజయవాడకి ఫ్లైట్ దండగ అన్న చివరి పాయింట్ కూడా చాలామంది విషయంలో ఒప్పుకుంటా. ఎల్బీనగర్‌లో ఉన్నోళ్ళు శంషాబాద్ పోయి, చెకింగ్ అయ్యి, విమానం లేచేలోపు బస్సెక్కినోడు సూర్యాపేటలో టీ తాగుతుంటాడు, ఆపైన గన్నవరం నుంచి ఊళ్ళోకి ఇంకో ఇరవై కిలోమీటర్లుంది.

పంపిన ఫ్రెండ్స్ అందర్నీ ఒకటే అడుగుతున్నా, మిగతావి మీ ఇష్టం, ఆ గంటన్నర పాయింట్ తప్పని ఏ గ్రూపులో పెట్టారో ఆ గ్రూపులోనే ఇవాళే రాయండి. అందులో మీ పిన్నులూ బాబాయిలూ ఉన్నారు.