దేశం కొట్టేసిన పేర్లు, ఊరు రాసుకున్న పేర్లు

పరాయి దేశంలో ఊరి సంఘం అనగానే మనకు పండగలు, విందులు, ఊళ్లో బడికి చందాలు గుర్తొస్తాయి. పాలస్తీనాలోని వెస్ట్ బ్యాంక్ ప్రాంతంలో ఉన్న రమల్లా నుంచి అమెరికా వెళ్లిన పాలస్తీనీయులు 1959లో డెట్రాయిట్‌లో పెట్టుకున్న ‘అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ రమల్లా, పాలస్తీనా’ కూడా ఇలాంటివి చేస్తుంది. నా దృష్టిలో దాని అసలు పని మాత్రం ఎవరెవరు ఆ ఊరివాళ్లో రాసి ఉంచడం. ప్రభుత్వాలు ఒక్కొక్కటిగా వాళ్ల పేర్లు కొట్టేస్తూ వచ్చాయి మరి.

రమల్లా నుంచి వలసలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే మొదలయ్యాయి. క్వేకర్లనే క్రైస్తవ శాఖ మిషనరీలు 1869లో అక్కడ ఆడపిల్లలకు, తర్వాత మగపిల్లలకు బడి పెట్టడంతో ఇంగ్లిష్ తెలిసినవాళ్లు తయారయ్యారు. తొలితరం మగవాళ్లు బట్టలు మూటగట్టి అమెరికాలో ఇల్లిల్లూ తిరిగి అమ్మారు, కాస్త కూడబెట్టాక కొట్టు పెట్టారు. నాలుగు డబ్బులు వెనకేసుకుని ఊరెళ్లిపోవాలనే అనుకున్నారు.

1925లో బ్రిటిష్ పాలకులు తెచ్చిన పౌరసత్వ ఉత్తర్వు ఆ దారికి మొదటి అడ్డుగోడ. బ్రిటిష్ వాళ్లకు ముందు, ఒట్టోమన్ తుర్కుల కాలంలో వలస వెళ్లినవాళ్లలో చాలామందికి పాలస్తీనా పౌరసత్వం దక్కలేదు. 1967 యుద్ధం తర్వాత ఇజ్రాయెల్ వెస్ట్ బ్యాంక్‌లో కర్ఫ్యూ పెట్టి జనాభా లెక్కలు తీసింది. అప్పుడు చదువుకో పనికో బయట ఉన్నవాళ్ల పేర్లు ఎక్కలేదు, పుట్టిన ఊళ్లో ఉండే హక్కు పోయింది.

అందుకే ఆ సంఘానికి వంశవృక్షాలంటే అంత పట్టు. రమల్లా పాత కుటుంబాలన్నీ పదహారో శతాబ్దంలో ఇప్పటి జోర్డాన్‌లోని కెరక్ ప్రాంతం నుంచి వచ్చిన రాషిద్ హద్దాదీన్‌ సంతతి అని వాళ్లు చెప్పుకుంటారు. ఏటా ఎండాకాలంలో ఒక్కో నగరంలో జరిగే మహాసభలో ఆ కొమ్మలన్నీ కలుస్తాయి. తెల్ల నారబట్ట మీద ఎర్ర పట్టుదారంతో కుట్టిన రమల్లా థోబ్ అనే పొడుగు గౌను తొడుక్కున్న పెద్దవాళ్లు, చేతులు పట్టుకుని దబ్కే నాట్యం ఆడే కుర్రకారు, పక్కనే పెళ్లిమాటలు. మన తానా సభల్లోనూ సంబంధాలు కుదురుతాయి. అయితే మనవాళ్లు టికెట్ కొనుక్కుని గుంటూరో కరీంనగరో వచ్చేయగలరు. వెస్ట్ బ్యాంక్ గుర్తింపు కార్డున్న పాలస్తీనీయుడి చేతిలో అమెరికా పాస్‌పోర్టున్నా, 2023 దాకా జోర్డాన్ మీదుగా, సరిహద్దులోని అలెన్‌బీ వంతెన దాటి రావాల్సి వచ్చేది.

రక్తసంబంధం మీద నిలిచిన సంఘానికి ఒక ఇరుకుంది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు, ఇప్పుడు ఆ దేశంలో ఉన్న లిద్, రమ్లే ఊళ్ల నుంచి తరిమేసిన జనం రమల్లాలో తలదాచుకున్నారు. పక్కనే అల్ అమ్అరీ శరణార్థి శిబిరంలో వాళ్ల మనవలు, మునిమనవలు ఉన్నారు. పుట్టి పెరిగింది అక్కడే అయినా ఈ వంశవృక్షంలో వాళ్లు లేరు. ఇది రమల్లావాళ్ల గర్వమే అనను. ఆ పిల్లల్నడిగినా మాది లిద్ అంటారు, ఎందుకంటే ఆ పేరు వదిలితే తిరిగి వెళ్లే హక్కూ వదిలినట్టే. చిలీలో బైత్ జాలా, బెత్లెహేం వలసదారులది ఇంకో దారి. 1920లో పుట్టిన వాళ్ల ఫుట్‌బాల్ క్లబ్బు దేశం పేరే పెట్టుకుంది, పాలెస్తీనో అని. అక్కడ చేరడానికి తాత పేరు చెప్పక్కర్లేదు.

వంశవృక్షాన్ని రమల్లా సంఘం చెరపనక్కర్లేదు, అది వాళ్ల దస్తావేజు. కానీ అమెరికాలో కూడే డబ్బుతో ఇచ్చే స్కాలర్‌షిప్పుకి ఇంటిపేరు అడగాల్సిన పని లేదు. అమ్అరీ పిల్లలూ నడిచేది ఆ రమల్లా వీధుల్లోనే.