తల కదపకండి, పరిశోధన జరుగుతోంది

జబ్బు గురించి ఇంటర్నెట్‌లో వెతికేవాళ్ల చూపు తెర మీద ఎక్కడ ఆగుతోందో కొలిచే యంత్రాలున్నాయి. పరారుణ కాంతిని కళ్ల మీద వేస్తారు. కంటిపాప ఎటు తిరిగిందో, ఆ కాంతి నల్లగుడ్డు మీద ఎక్కడ మెరిసిందో కెమెరా పట్టేస్తుంది. చూపు ఒకచోట నిలిచేది దాదాపు పావు సెకను, ఆపైన గెంతు. 2006లో, వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే జాకబ్ నీల్సన్ బృందం ఇలాగే కొలిచి, జనం వెబ్ పేజీని ఎక్కువగా ఇంగ్లిషు ‘ఎఫ్’ ఆకారంలో చూస్తారని తేల్చింది. పై వరుసలు అడ్డంగా, మిగతాదంతా ఎడమ అంచు వెంట కిందికి.

శాస్త్రం గొప్పదే. ఒక మనిషి, ఒక తెర అన్న నమ్మకం మీద నిలబడింది, అదే చిక్కు. ఈ యంత్రాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో, గుండెల్లో మంటతో బాధపడే పెద్దాయన ఇంట్లో పెట్టి చూడమనండి.

ముందు యంత్రానికి కళ్లు అలవాటు చేయాలి. “తల కదపకుండా ఈ చుక్కలనే చూడండి” అంటారు. “చుక్కలెందుకు బిడ్డా, నా కండ్లు మంచిగనే ఉన్నయి” అంటుంది పెద్దామె. ఆమెను కాదు అడిగింది. కానీ ఫోను పెద్దాయన చేతిలో ఉన్నా, భుజం మీదుగా ఆమె, పక్కనుంచి కొడుకు, వీడియో కాల్‌లో కూకట్‌పల్లి చిన్నమ్మ చూస్తుంటారు. రెండు కళ్లకు తయారైన యంత్రం ముందు ఎనిమిది.

పెద్దాయన చూపు ‘అసిడిటీ’ దగ్గర ఆగి, ఇక కిందికి దిగదు. పెద్దామెది ‘గుండెపోటు’ మీద. కొడుకుది ఫుల్ బాడీ చెకప్ ఆఫర్ మీద. చూపు ఎక్కువ ఆగినచోట ఎరుపు పూసే బొమ్మలో ఇన్ని చూపులూ కలిపి గీస్తే పేజీ దాదాపు అంతా ఎర్రబడుతుంది. పాఠకులు పూర్తి శ్రద్ధతో చదివారని రిపోర్టు రాసేయొచ్చు. అట్టడుగున ‘నొప్పి తగ్గకపోతే వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి’ అన్న వరుస ఒక్కటే తెల్లగా మిగులుతుంది. ఎడమవైపు పైమూల విలువేమిటో ప్రకటనలవాళ్లకు ఎప్పుడో తెలుసు. డాక్టర్‌ మాటను మాత్రం ఇప్పటికీ అడుగునే పెడతారు.

ఇంకో సంగతి. చూపు ఎక్కడ ఆగిందో యంత్రం చెబుతుంది గానీ ఎందుకు ఆగిందో చెప్పదు. ‘రిఫ్లక్స్’ (కడుపులో పులుపు పైకి ఎగదన్నడం) అన్న మాట దగ్గర పెద్దాయన చాలాసేపు నిలిచాడంటే, ఆసక్తి కావచ్చు, అర్థం కాకపోవడమూ కావచ్చు. కళ్లజోడు టీవీ మీద మరిచిపోయి ఉండొచ్చు.

చివరికి ఆయన చెప్పులేసుకుని సందు మలుపులో మెడికల్ షాపుకు పోతాడు. కాబట్టి రెండో యంత్రం ఆ కౌంటర్ మీద బిగించాలని నా మనవి. గ్యాస్ గోలీ ఇచ్చే కుర్రాడి చూపు పెద్దాయన మొహం మీద ఎంతసేపు నిలిచిందో కొలవాలి. అతని చెవి మాత్రం డబ్బులు పడ్డాయని పలికే స్పీకర్ మీదే ఉంటుంది గనక, చెవిని కొలిచే యంత్రం ఏదైనా ఉంటే అదీ వెంట తేవాలి.