అమ్మాయికి సివిల్ ఎందుకు అనేవాళ్లకి

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, మా చీపురుపల్లి వైపు బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో అదే మెసేజ్ తిరుగుతుంది: "ఆడపిల్లకి సివిల్ వద్దు. ఎండలో సైట్ పని తట్టుకోలేదు, మేస్త్రీలు మాట వినరు, పెళ్లయ్యాక ఎలాగూ మానేస్తుంది." సివిల్ చదివి మూడేళ్లుగా విజయనగరంలో సైట్ ఇంజినీర్‌గా చేస్తున్నదాన్ని, జవాబు నేనే చెప్తాను.

ఎండ సంగతి. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి హైదరాబాద్, చెన్నై వలసపోయి కాంక్రీటు తట్టలు నెత్తిన పెట్టుకుని అంతస్తులెక్కుతున్నది మన అమ్మలూ పిన్నమ్మలూ కాదా? తట్ట మోస్తే తట్టుకునే మనిషి డ్రాయింగ్ పట్టుకుంటే ఎందుకు తట్టుకోలేదు?

మేస్త్రీలు వినరన్నది సగం నిజం. చేరిన కొత్తలో ఒక స్లాబ్ రోజున మేస్త్రి "నువ్వు నీడలో కూర్చో పాపా" అని మిక్సర్‌లో ఇంకో బకెట్ నీళ్లు పోయించాడు. నేను గొడవపడలేదు. కాంక్రీటు ఎంత పల్చగా ఉందో చూసే స్లంప్ కోన్ తెప్పించి, ఆ మాలు నింపి, కడ్డీతో కూరి, కోన్ పైకి లాగాను. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న ముద్ద నిమిషంలో రేకంతా పారిపోయింది. "నీళ్లెక్కువైతే ఆరాక లోపల సన్న బొక్కలు మిగిలి బలం తగ్గిపోతుంది బాబాయ్, 28 రోజులకి బలం చూడ్డానికి కాంక్రీటు క్యూబ్ పగలగొడితే దొరికిపోయేది మనమే" అన్నాను. ఆయన కాసేపు చూసి ఆ మాలు పక్కన పోయించాడు. ఇప్పుడు నీళ్లు పోసేముందు నావైపు చూస్తాడు. కొత్త అబ్బాయిలకీ ఈ పరీక్ష తప్పదు, కాకపోతే వాళ్లని నీడలో కూర్చోమనరు.

పెళ్లయ్యాక మానేస్తారట. అయ్యలసోమయాజుల లలిత గారు మన తెలుగావిడే. 18 ఏళ్లకే, నెలల పాప ఒళ్లో ఉండగా భర్త పోతే, 1940లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్‌లో చేరారు, తర్వాత భాక్రా నంగల్ డ్యామ్ కరెంటు పనుల మీద పనిచేశారు. మానేసేవాళ్లు లేరని అనను. నా క్లాస్‌మేట్‌ని పెళ్లిచూపుల్లోనే "సైట్ ఉద్యోగం వదిలేస్తావా" అని అడిగారు. మానిపించేది ఎవరో ఆ మెసేజ్‌లో ఎందుకు రాయరు?

అసలు కష్టం అందులో లేనే లేదు. మొదటి ఏడాది సైట్‌లో టాయిలెట్ లేక మధ్యాహ్నం దాకా నీళ్లు తాగేదాన్ని కాదు. అప్పుడు అమల్లో ఉన్న 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం అది ఏర్పాటు చేయాల్సింది పని చేయించేవాళ్లే. అదే చూపించి అడగ్గా అడగ్గా మూడు వారాలకి రేకుల గది కట్టారు, కూలి అక్కలు నాకంటే ఎక్కువ సంతోషించారు. ఇంటర్వ్యూకి వెళ్లే చెల్లెళ్లూ, జీతం ఎంతని అడిగే నోటితోనే సైట్‌లో టాయిలెట్ ఉందా అని కూడా అడగండి.