జర్మన్ మూకీ అంటే నీడలూ పిశాచాలేనా?

పాత సినిమాల గురించి ఒక మాట తెగ షేర్ అవుతుంటుంది. జర్మన్ మూకీల్లో నీడలు, పిచ్చి డాక్టర్లు, రక్తపిశాచాలు తప్ప ఇంకేం లేవట. రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్ళ ప్రేమను నటులు కానివాళ్ళతో అసలు వీధుల్లో తీయడం 1945 తరవాత ఇటలీ నేర్పిన విద్యట. 1930 నాటి 'మెన్షెన్ ఆమ్ జోన్‌టాగ్', అంటే 'ఆదివారం నాటి మనుషులు', ఉంది కదా అంటే, అది కథ లేని పిక్నిక్ డాక్యుమెంటరీ, అందులో శ్రామికులూ లేరు, ప్రేమా లేదు అంటారు. వీటిలో ఒక్క మాట మాత్రం సగం నిజం.

ముందు నీడల సంగతి. పిచ్చి డాక్టరు సినిమా 'కాలిగరి' 1920, రక్తపిశాచి సినిమా 'నోస్ఫెరాటు' 1922. ఆ తరవాత గాలి మళ్ళింది. 1925లోనే దర్శకుడు పాబ్స్ట్ 'జాయ్‌లెస్ స్ట్రీట్'లో మాంసం కొట్టు ముందు క్యూ కట్టిన పేద ఆడవాళ్ళను చూపించాడు. అది స్టూడియో సెట్టే, కానీ ఆ ఆకలిలో పిశాచాల పనేమీ లేదు.

ఇక ఇటలీ. 'బైసికిల్ థీవ్స్' 1948లో వచ్చింది. దానికి చాలా ముందే, 1929 వేసవిలో, రాబర్ట్ సియోడ్మాక్, ఎడ్గార్ ఉల్మర్ బెర్లిన్‌లో అయిదుగురు కొత్తవాళ్ళను పెట్టి ఈ 'ఆదివారం నాటి మనుషులు' తీశారు. టాక్సీ డ్రైవర్ ఎర్విన్, రికార్డుల షాపులో పనిచేసే బ్రిగిట్టె, వైన్ అమ్మే వోల్ఫ్‌గాంగ్, మోడల్ ఆనీ, జూనియర్ ఆర్టిస్ట్ క్రిస్ట్‌ల్. అందరూ సొంత పేర్లతోనే కనిపిస్తారు. వీళ్ళు కెమెరా ముందుకు రావడం ఇదే మొదటిసారి అని టైటిల్స్‌లో వేశారు. జూనియర్ ఆర్టిస్టుకు అది ఎలా వర్తిస్తుందో మాత్రం అడక్కండి! ఆ మాటకొస్తే జర్మన్లూ మొదటివాళ్ళు కాదు. రష్యాలో దర్శకుడు ఐజెన్‌స్టైన్ అంతకుముందే మామూలు జనాన్ని తెర మీదికి తెచ్చాడు.

కథ లేదనేవాళ్ళు సినిమా చూశారా అని నా అనుమానం. స్క్రిప్టు రాసింది తరవాత హాలీవుడ్‌లో పెద్ద దర్శకుడైన బిల్లీ వైల్డర్, అప్పటికింకా కుర్రవాడు. కెమెరా షుఫ్టాన్‌ది. 'మెట్రోపోలిస్'లో అద్దాలతో మహానగరాన్ని సృష్టించిన ట్రిక్ ఫోటోగ్రఫీ ఆయనదే. అదే మనిషి ఇక్కడ ఎండనూ చెరువు నీళ్ళనూ ఉన్నవున్నట్టు పట్టుకున్నాడు. శనివారం రాత్రి ఎర్విన్, ఆనీల గది చూడండి. ఆనీ టోపీ అంచు పైకుండాలా, కిందికుండాలా అన్న దగ్గర మొదలైన గొడవ, గోడ మీది సినిమా తారల ఫొటోలు చింపుకునేదాకా పోతుంది. ఆమెకు ఇష్టమైనవి అతనూ, అతనికి ఇష్టమైనవి ఆమే! మర్నాడు ఆనీ మంచం దిగదు, ఆదివారమంతా నిద్రే. ఇది డాక్యుమెంటరీ అయితే మన సంసారాలన్నీ డాక్యుమెంటరీలే.

శ్రామికులు లేరన్నది సగం నిజం. వీళ్ళు మిల్లు కార్మికులు కారు, చిన్న జీతాల పట్నం పిల్లలు. కానీ అదే బెర్లిన్‌లో, 1929 చివర్లో, పీల్ యూట్సి తీసిన మూకీ 'ముట్టర్ క్రౌజెన్స్ ఫార్ట్ ఇన్స్ గ్లుక్', అంటే 'క్రౌజె అమ్మ సుఖయాత్ర', విడుదలైంది. బెర్లిన్ కార్మికవాడ వెడింగ్‌లో పేపర్లు అమ్ముకునే ముసలామె ఇల్లు. అద్దె గిట్టక ఆ ఇరుకులోనే ఒక దొంగకు, ఒక వేశ్యకు, ఆమె పాపకు చోటిస్తుంది. కూతురు ఎర్నాకు ఆ అద్దెవాడితో జరిగింది తెలిసి, ఆమెను ప్రేమించిన కార్మికుడు మాక్స్ వెళ్ళిపోతాడు, తరవాత మనసు మార్చుకుంటాడు. ఎర్రజెండాల ఊరేగింపులో అతని పక్కన చేరిన ఎర్నా అడుగులు మొదట తడబడి, కాసేపటికి అందరితో కలుస్తాయి. ప్రచారమే, కాదనను. కానీ ఇంట్లో తల్లి కాఫీ కాచుకుని గ్యాస్ తెరిచి వదిలేసి, ఆ పాపతో సహా ప్రాణం తీసుకుంటుంది. ఆ గది ఏ నినాదానికీ లొంగదు.

చివరిగా, 'ఆదివారం నాటి మనుషులు'లో ప్రేమ లేదనే మాట సంగతి. బెర్లిన్ శివార్లలోని వాన్‌సే సరస్సు ఒడ్డు అడవిలో వోల్ఫ్‌గాంగ్ బ్రిగిట్టెను తరుముతాడు. ఇద్దరూ దగ్గరయ్యే వేళకు కెమెరా మర్యాదగా చెట్ల మీదికి తిరుగుతుంది. పూలు చూపిస్తారేమో అనుకుంటాం. కిందికి దిగేసరికి చెత్తకుప్ప, ఖాళీ డబ్బాలు! సాయంత్రం విడిపోతూ వచ్చే ఆదివారం కలుద్దామంటుంది బ్రిగిట్టె. వోల్ఫ్‌గాంగ్ సరేనంటాడు. కాసేపటికి ఎర్విన్ గుర్తు చేస్తాడు, వచ్చే ఆదివారం ఫుట్‌బాల్ ఉంది కదా అని.