చైనీయులు, నైజీరియన్లు, మధ్యలో వీసా

హైదరాబాద్ పేపర్లలో నైజీరియన్ అన్న మాట ఏ పేజీలో కనపడుతుందో వేరే చెప్పక్కర్లేదు. క్రైమ్ పేజీ, పక్కనే డ్రగ్స్ కేసు. టోలిచౌకీలో రూమ్ తీసుకున్న కుర్రాడు సూడాన్ వాడైనా, కాంగో వాడైనా మనవాళ్ల నోట నైజీరియనే. అదే హ్యూస్టన్‌లో ఉంటున్న మన చుట్టాలకు ఫోన్ చేసి అడగండి. వాళ్లకు గుర్తొచ్చేది ఆస్పత్రిలో నైట్ డ్యూటీ నర్సో, మందుల షాపులో ఫార్మసిస్టో, పిల్లాడి క్లాసులో ఫస్ట్ వచ్చే అమ్మాయో అవుతుంది. అమెరికాలో స్థిరపడిన నైజీరియా వలసదారుల్లో డిగ్రీ, ఆపై చదువు ఉన్నవాళ్లు 60 శాతం దాకా ఉంటారు. అక్కడే పుట్టిన అమెరికన్లలో అది మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. చైనా నుంచి వచ్చినవాళ్లలో సుమారు సగం మంది డిగ్రీవాళ్లు.

ఈ లెక్కలు బయటికి రాగానే ఒక వాదన తయారుగా ఉంటుంది. చైనావాళ్లకు చదువు గొప్పదని చెప్పిన కన్ఫ్యూషియస్ లాంటి పాత గురువు ఉన్నాడు, నైజీరియాలోని ఇగ్బో, యోరుబా జాతులవాళ్లకూ చదువు పిచ్చి, పిల్లల్ని గట్టిగా పెంచుతారు, అందుకే పైకొచ్చారు అని. ఇందులో అసలు నిజం లేదనను. కానీ సంస్కృతే అంతా చేసి పెడితే అదే సంస్కృతి ఇటలీలో దిగగానే ఎందుకు చేతులెత్తేసింది? నా లెక్కలో ఒక వలస సమాజం ఎలా బతుకుతుందో చాలావరకు వీసా కౌంటర్ దగ్గరే తేలిపోతుంది, మిగతాది దిగిన ఊళ్లో ఒంటి రంగును బట్టి, సొంత దేశం డబ్బు విలువను బట్టి నడుస్తుంది. సంస్కృతి వంతు ఆ తర్వాతే.

చైనావాళ్లది పాత కథ కాబట్టి ముందు అది చూద్దాం. 1860ల్లో సియెర్రా నెవాడా కొండలు తొలిచి సెంట్రల్ పసిఫిక్ రైలు పట్టాలు వేసింది వేలాది చైనా కూలీలు. పని అయిపోయింది, 1882లో అమెరికా ఏకంగా వాళ్ల దేశం పేరు పెట్టి చట్టం చేసి కూలీల రాక ఆపేసింది. 1885లో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్ బొగ్గు గనుల దగ్గర 28 మంది చైనీయుల్ని చంపేశారు. 1943లో ఆ చట్టం ఎత్తేసినప్పుడు కూడా ఇచ్చిన కోటా ఏడాదికి 105 మంది. ఆ రోజుల్లోనూ కన్ఫ్యూషియస్ ఉన్నాడు, ఒళ్లు వంచి పని చేసే గుణమూ ఉంది, అయినా లాండ్రీలు, హోటళ్లు దాటి బయటికి రానివ్వలేదు.

1965లో ఇమిగ్రేషన్ చట్టం మారాక, మరీ ముఖ్యంగా 1979లో చైనాతో దౌత్య సంబంధాలు మొదలయ్యాక, వచ్చే మనుషులే మారిపోయారు. ఆ విద్యార్థులు ఎవరో ఒకసారి చూడండి. మావో నాటి సాంస్కృతిక విప్లవంలో మూతబడ్డ యూనివర్సిటీ ప్రవేశ పరీక్షను 1977లో తిరిగి పెట్టినప్పుడు దాదాపు 57 లక్షల మంది రాస్తే సీటు వచ్చింది 2 లక్షల 70 వేల చిల్లర మందికి. మళ్లీ వాళ్లలో నుంచి అమెరికా స్కాలర్‌షిప్ తెచ్చుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారు? 1989లో బీజింగ్ తియానన్మెన్ స్క్వేర్‌లో విద్యార్థుల ఉద్యమాన్ని సైన్యం అణచివేశాక వాళ్లను వెనక్కి పంపడం బాగోదని 1992లో ఇంకో చట్టం చేసి 50 వేల మందికి పైగా గ్రీన్ కార్డులు ఇచ్చారు. అంటే దేశం మొత్తాన్నీ రెండు మూడు జల్లెళ్లు పట్టి, పైన మిగిలినవాళ్లను తీసుకెళ్లి, వాళ్ల పిల్లలు లెక్కల్లో ఫస్ట్ వస్తున్నారని ఆశ్చర్యపోవడం. జెన్నిఫర్ లీ, మిన్ జౌ అనే సోషియాలజిస్టులు దీనికి హైపర్ సెలెక్టివిటీ అని పేరు పెట్టారు. వచ్చినవాళ్లు సొంత దేశంలోని సగటు మనిషి కన్నా, దిగిన దేశంలోని సగటు మనిషి కన్నా కూడా ఎక్కువ చదువుకుని ఉండటం. నైజీరియన్లనూ ఆ కోవలోనే చేర్చారు.

ఈ జల్లెడ పడని చైనీయులూ ఉన్నారు, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. ఫుజియాన్ రాష్ట్రంలో ఫుజౌ చుట్టుపక్కల పల్లెల నుంచి దొంగ ఓడల్లో వచ్చినవాళ్లు. 1993 జూన్‌లో గోల్డెన్ వెంచర్ అనే ఓడ దాదాపు 300 మందితో న్యూయార్క్ తీరంలో ఇసుకకు తగులుకుంది, చలి నీళ్లలోకి దూకి పదిమంది చనిపోయారు. ఆ ప్రయాణానికి ఒక్కొక్కరూ ఒప్పుకున్న బాకీ 30 వేల డాలర్ల దాకా. దిగినవాళ్లు మన్‌హట్టన్‌లో ఈస్ట్ బ్రాడ్‌వే దగ్గర ఇరుకు గదుల్లోని ఉద్యోగాల ఏజెన్సీల ముందు నిలబడేవాళ్లు. అక్కడ చీటీ మీద ఊరి పేరు కూడా ఉండదు. ఫోన్ ఏరియా కోడ్, నెల జీతం, గిన్నెలు కడగడమా వంటా అన్నది, అంతే. ఆ నంబరుని బట్టి ఒహాయోకో వర్జీనియాకో బస్సెక్కడం, రోజుకు పన్నెండు గంటలు కిచెన్‌లో నిలబడటం, నెలల పిల్లల్ని ఫుజౌలో అమ్మమ్మ దగ్గరికి పంపేసి ఐదేళ్లొచ్చాక బడి కోసం తిరిగి తెచ్చుకోవడం. ఆ పిల్లలకు అమ్మానాన్న అంటే కొత్త మనుషులు. ఈ సంసారమూ, సిలికాన్ వ్యాలీలో చిప్ డిజైన్ చేసే పీహెచ్‌డీ సంసారమూ ఒకే గడిలో పడి 'చైనీస్ సగటు ఆదాయం' అయిపోతుంది. అమెరికాలో ఆసియన్ల లోపల ధనిక పేద తేడా మిగతా అందరికన్నా ఎక్కువని ప్యూ అనే అమెరికా సర్వే సంస్థ 2018లో లెక్క తేల్చింది. పై పదిశాతం ఆదాయం కింది పదిశాతానికి పది రెట్లకు పైనే. సగటు చూసి మురిసిపోయేవాళ్లు ఇది ఎప్పుడూ చెప్పరు.

నైజీరియా దారి వేరు. 1970ల్లో చమురు డబ్బు పోటెత్తినప్పుడు ప్రభుత్వమే స్కాలర్‌షిప్పులిచ్చి కుర్రాళ్లను అమెరికా, బ్రిటన్ పంపింది. వాళ్లు తిరిగి వెళ్లిపోవాలనే వచ్చారు. 80ల్లో చమురు ధర పడిపోయింది, 1983 చివర్లో సైన్యం కుర్చీ ఎక్కింది, 1986లో సర్దుబాటు సంస్కరణలంటూ వాళ్ల కరెన్సీ నైరా విలువ కుప్పకూలింది. చదువుకోడానికి వచ్చినవాళ్లు ఆగిపోయారు, ఊళ్లో ఉన్న డాక్టర్లు, లెక్చరర్లు బయల్దేరారు. ఆ తర్వాత 90ల్లో గ్రీన్ కార్డు లాటరీ తోడైంది. దానికి ఇంటర్ స్థాయి చదువుంటే చాలు, అయినా నైజీరియా పెద్ద నగరం లాగోస్ నుంచి టికెట్, ఫీజులు, దిగాక నాలుగు నెలలు తినడానికి డబ్బు పెట్టుకోగలిగింది మళ్లీ చదువుకున్న మధ్యతరగతే. ఐదేళ్లలో 50 వేల మందికి మించి వచ్చేశారని 2015 లాటరీ నుంచి నైజీరియాను తీసేశారు.

ఇక్కడే నాకు ఆసక్తిగా అనిపించే ముడి ఉంది. నైజీరియన్లకు ఇంగ్లిష్ చిన్నప్పటి నుంచి బడి భాష. చైనా నుంచి వచ్చినవాళ్లలో సగానికి పైగా ఇంగ్లిష్ సరిగా రాదని వాళ్లే జనాభా సర్వేలో చెప్పుకుంటారు. డిగ్రీలు చూస్తే నైజీరియన్లే ఎక్కువ. మరి డబ్బు లెక్కలో? చైనీయుల కుటుంబ ఆదాయం దేశపు మధ్యస్థ స్థాయి కన్నా పైన, నైజీరియన్లది అటూ ఇటూగా దానికి సమానం. అంత చదువు చదివి మామూలు జీతం దగ్గర ఆగిపోవడానికి సంస్కృతి ఏం జవాబు చెబుతుంది? 2004లో అచ్చయిన ఒక ప్రయోగంలో బోస్టన్, షికాగో కంపెనీలకు ఒకే రకం బయోడేటాలు పంపి పేర్లు మాత్రం మార్చారు, తెల్లవాళ్ల పేర్లున్న వాటికి నల్లవాళ్ల పేర్లున్న వాటి కన్నా 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. డిగ్రీ లాగోస్‌ది అయితే ఆ పైన ఇంకో దెబ్బ. అందుకే నర్సింగ్, ఫార్మసీ, మెడిసిన్ వైపు అంత గట్టిగా పోతారు, లైసెన్సు పరీక్ష పాసైతే పేరు చూసి పక్కన పెట్టడం కాస్త కష్టం. చదువు పిచ్చి అంటున్నామే, అందులో సగం ఈ టెన్షనే అని నాకనిపిస్తుంది.

రెండో తేడా నైరా, చైనా కరెన్సీ యువాన్. దీన్ని ఎందుకో పెద్దగా పట్టించుకోరు. 1980 ప్రాంతంలో ఒక నైరాకు డాలరుకు మించి వచ్చేది. 2024 మొదట్లో ఒక డాలరుకు 1,500 నైరాలు. యువాన్ అదే కాలంలో, 90ల మధ్య నుంచి చూస్తే, ఎనిమిది దగ్గర నుంచి ఏడు దగ్గరికి వచ్చింది, అంటే బలపడింది. షాంఘైలో తల్లిదండ్రుల ఫ్లాట్ ధర ఇరవై ఏళ్లలో ఎన్నో రెట్లు పెరిగి, దాన్ని అమ్మితే కాలిఫోర్నియాలో కొడుకు ఇంటికి డౌన్‌పేమెంట్ అవుతుంది. లాగోస్‌లో ఉన్న తండ్రి జీవితాంతం దాచింది డాలర్లలోకి మారిస్తే ఏమీ మిగలదు, అందుకని డబ్బు ఎదురు నడుస్తుంది, అక్కడి నుంచి ఇక్కడికి రావాల్సింది పోయి ఇక్కడి నుంచి అక్కడికి. నైజీరియాకు ఏటా బయటి నుంచి వెళ్లేది సుమారు 2 వేల కోట్ల డాలర్లు. తమ్ముడి ఫీజు, అమ్మ ఆపరేషన్, ఊళ్లో ఇల్లు. చీటీలు ఇద్దరూ వేస్తారు, చైనావాళ్లు హుయ్ అంటారు, యోరుబాలు అజో అంటారు, పద్ధతి అచ్చం మన చీటీపాటకు దగ్గరే. చైనావాడు పాడుకున్న చీటీ రెస్టారెంట్ అడ్వాన్సుకు పోతే నైజీరియన్ చీటీలో పెద్ద వాటా ఊరికి పోతుంది. 2023లో నైరా పడిపోయినప్పుడు బ్రిటన్‌లో చదువుకుంటున్న నైజీరియా విద్యార్థులు ఫీజు కట్టలేక కోర్సుల్లోంచి గెంటించుకునే దాకా వచ్చింది. వాళ్ల తెలివికేం తక్కువ?

ఇప్పుడు ఇటలీ. ఫ్లోరెన్స్ పక్కన ప్రాతో అని బట్టల ఊరు. అక్కడి చైనీయులు చాలామంది చైనాలోని వెన్‌జౌ ప్రాంతం వాళ్లు, పెద్ద చదువులు లేవు, పీహెచ్‌డీలు అసలే లేవు, కుట్టు మిషన్లు పెట్టి, బంధువుల దగ్గర అప్పు తెచ్చి, ఆ ఊరి రెడీమేడ్ వ్యాపారాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. ఓనర్లయ్యారు, కార్లు కొన్నారు. 2013 డిసెంబర్ 1న ఒక వర్క్‌షాపు కాలిపోతే లోపలే పడుకుని ఉన్న ఏడుగురు పనివాళ్లు మాడిపోయారు, కిటికీకి ఊచలు. ఓనరూ పనివాళ్లూ ఇద్దరూ చైనావాళ్లే, కాబట్టి 'చైనీయుల విజయం' అనే వాక్యంలో ఎవరి విజయమో కూడా రాయాలి. అదే ఇటలీకి 2016లో సముద్రం మీద వచ్చిన నైజీరియా ఆడపిల్లలు సుమారు 11 వేల మంది. వాళ్లలో 80 శాతం దాకా ఒళ్లమ్ముకునే ఉచ్చులోకే వస్తున్నారని ఐక్యరాజ్యసమితి వలసల సంస్థ అంచనా వేసింది. చాలామంది నైజీరియాలోని ఎడో రాష్ట్రం, బెనిన్ సిటీ చుట్టుపక్కల వాళ్లు. బయల్దేరే ముందు గుళ్లో ఒట్టు వేయించి, పారిపోతే దేవత చంపేస్తుందని భయపెట్టి, తలకు మించిన బాకీ రాయించుకుంటారు. 2018 మార్చిలో బెనిన్ సిటీ సంప్రదాయ రాజు ఒబా ఎవారే 2 పూజార్లందర్నీ పిలిపించి ఆ ఒట్లన్నీ చెల్లవని, ఈ వ్యాపారం చేసేవాళ్లను శపిస్తున్నానని బహిరంగంగా ప్రకటించాల్సి వచ్చింది. హ్యూస్టన్ ఫార్మసిస్టుదీ ఈ అమ్మాయిదీ ఒకే పాస్‌పోర్టు.

ఇంగ్లండ్ బడుల లెక్కలు ఇంకో కోణం చూపిస్తాయి. పదహారేళ్లకు రాసే జీసీఎస్ఈలో చైనా పిల్లలది మొదటి స్థానం, చాలా దూరంలో. చిప్స్, ఫ్రైడ్ రైస్ అమ్మే టేక్‌అవే కౌంటర్ వెనక స్టూలు మీద హోంవర్క్ చేస్తూ, మధ్యలో ఫోన్ ఎత్తి ఆర్డర్ రాసుకున్న పిల్లలు వీళ్లలో బోలెడు మంది. ఆఫ్రికా మూలాలున్న నల్లజాతి పిల్లలు కూడా తెల్ల బ్రిటిష్ పిల్లల్ని కాస్త దాటేశారు. ఇక్కడ మాత్రం ఇంటి పట్టుదలకు మార్కులు వేయాల్సిందే, నేను కాదనను. కానీ ఆ మార్కులు పట్టుకుని ఉద్యోగానికి వెళ్లాక ఇద్దరి దారులూ మళ్లీ వేరవుతాయి.

ఇదంతా మనకు కొత్తగా ఉండకూడదు. జగిత్యాల నుంచి ఒకడు దుబాయ్ లేబర్ క్యాంపుకు పోతాడు, కరీంనగర్‌లో ఇంజినీరింగ్ చేసినవాడు ఎమ్మెస్‌కని డాలస్ పోతాడు. కడప నుంచి ఇళ్లల్లో పనికి కువైట్ పోయిన ఆమె, అదే జిల్లా నుంచి హెచ్1బీ మీద పోయిన అమ్మాయి, ఇద్దరూ తెలుగువాళ్లే, ఒకే పండగలు, ఒకే పచ్చళ్లు. తెలుగువాళ్లు సక్సెస్ అయ్యారని అట్లాంటా సభలో మైకు పట్టుకుని చెప్పేటప్పుడు కువైట్ లెక్క ఎందుకు కలపరో నాకర్థం కాదు.

జల్లెడలు మారుతూనే ఉంటాయి. 2023లో అమెరికా దక్షిణ సరిహద్దు చేరిన చైనీయులు 37 వేల మందికి పైనే, వాళ్లలో ఎంతోమంది పనామా అడవుల గుండా నడుచుకుంటూ, వాగులు దాటుకుంటూ వచ్చారు. చాలామంది చిన్న వ్యాపారాలు పోగొట్టుకున్నవాళ్లు, కూలీలు. అటు బ్రిటన్ 2022లో వృద్ధుల సంరక్షణ పనికి వీసాలు తెరిస్తే నైజీరియాలో బ్యాంకుల్లో, బడుల్లో పని చేసినవాళ్లు ఏజెంట్లకు వేల పౌండ్లు పోసి ముసలివాళ్లకు స్నానాలు చేయించే పనికి వచ్చారు, కొందరికి దిగాక ఆ ఉద్యోగమే లేదని తెలిసింది. 2024 మార్చి నుంచి భార్యాపిల్లల్ని వెంట తేకూడదన్నారు. 2025 జూలైలో ఆ పనికి బయటి దేశాల నుంచి కొత్తగా తీసుకోవడం ఆపేసేదాకా ఆ వీసా మీద వచ్చింది పెళ్లికాని కుర్రాళ్లో, పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలి రాగలిగినవాళ్లో. ఇరవై ఏళ్ల తర్వాత వీళ్ల ఆదాయాలు, పిల్లల మార్కులు పట్టికల్లోకి ఎక్కుతాయి. అప్పటి నైజీరియన్ సగటు ఇప్పటి సగటులా ఉండదు, చైనీస్ సగటూ ఉండదు. లాగోస్‌లోనూ ఫుజౌలోనూ పిల్లల్ని పెంచే పద్ధతి మాత్రం అప్పటికీ ఇంచుమించు ఇలాగే ఉంటుంది.