పండుగలు మిగిలాయి, కాలాలు పోయాయి

నిన్న ఆదివారం మా చర్చిలో, క్రిస్మస్ కోసం ఎదురుచూసే ఆగమన కాలపు రెండో కొవ్వొత్తి వెలిగించారు. వెలిగించిన కాసేపటికే, పండుగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ కేకు కోశారు. కేకు బల్లకు చోటు చాలలేదని, కొవ్వొత్తులున్న పచ్చటి ఆకుల వలయాన్ని ఎవరో తీసి కిటికీ గూట్లో పెట్టారు. గాలికి ఒక వత్తి ఆరిపోయింది. చప్పట్ల మధ్య ఎవరూ చూడలేదు. నేను వెళ్లి మళ్లీ వెలిగించి వచ్చాను కానీ, మనసు మాత్రం కుదుటపడలేదు.

సెమీ క్రిస్మస్ అసలు వద్దని నేను అనను. సెలవులకు ఊళ్లకు వెళ్లిపోయే హాస్టలు పిల్లలకు, పండుగనాడు కూడా డ్యూటీ ఉండేవాళ్లకు అది కావలసిందే. కానీ ఇప్పుడు హైదరాబాద్‌లో ఏం జరుగుతోంది? నవంబర్ పూర్తికాకముందే నక్షత్రాలు వేలాడతాయి. డిసెంబర్‌లో ప్రతి వారం ఒక కేకు, ఒక ముఖ్య అతిథి, ఒక శాలువా. తీరా 25వ తేదీ ఉదయానికి పాటలు పాడి పాడి గొంతులు బొంగురుపోయి ఉంటాయి. పుట్టకముందే పదిసార్లు పుట్టినరోజు చేసేశాక ఇక ఎవరి కోసం ఎదురుచూడాలి?

ఆగమన కాలమంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు. నవంబర్ 30కి దగ్గరగా ఉన్న ఆదివారంతో మొదలవుతుంది. చర్చి పాటించే సంఘ సంవత్సరానికి అదే ఉగాది. మన పెద్దలు ఏడాదిని ఎదురుచూపుతో మొదలుపెట్టారు. ఆ ఎదురుచూపుకు మన తెలుగు బైబిలులో ఎంత గొప్ప మాట ఉందో! ‘కనిపెట్టుట’. బయట ఆ మాటకు కొత్తది కనుగొనడమని అర్థం. 130వ కీర్తనలో మాత్రం కావలివాళ్లు ఉదయం కోసం కనిపెడతారు, అంతకంటే ఎక్కువగా భక్తుడి ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతుంది.

ఆ మాట నాకు చర్చిలో అర్థం కాలేదు, ఆసుపత్రిలో అర్థమైంది. రెండేళ్ల కిందట డిసెంబర్ మొదటి వారంలో అమ్మను సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాం. మొదటి రాత్రి పెద్ద వయసు నర్సమ్మ ఒకావిడ, ‘‘అమ్మను కాస్త కనిపెట్టుకుని ఉండు బాబూ’’ అని చెప్పి వెళ్లింది. 19 రాత్రులు కనిపెట్టుకునే ఉన్నాను. అంతసేపూ నా చూపు దుప్పటి మీదే. అది పైకి లేస్తే ఊపిరి ఉన్నట్టు. పెదవులు ఎండిపోతే దూదిని నీళ్లలో ముంచి తడపడం. తెల్లవారుజామున కిటికీ అద్దం నలుపు నుంచి బూడిద రంగుకు మారుతుంటే, ఇంకో రాత్రి గడిచిందని నిట్టూర్చడం. పెద్ద ప్రార్థనలేమీ చేయలేదు, మాటలు ఎప్పుడో అయిపోయాయి. అమ్మ ముఖం చూస్తూ కూర్చోవడమే నా ప్రార్థన. 23వ తేదీన ఇంటికి తీసుకొచ్చాం. ఆ ఏడాది నేను ఒక్క సెమీ క్రిస్మస్‌కూ వెళ్లలేదు, కానీ అంత నిండైన క్రిస్మస్ మళ్లీ రాలేదు.

మెదక్ చర్చికి వెళ్లి ఫొటోలు దిగి వస్తాం. 1914లో మొదలుపెట్టి, కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకు పని, తిండి ఇస్తూ కట్టిన చర్చి అది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. పదేళ్ల పని. అక్కడ రాళ్లు మోసినవాళ్లకు ఎదురుచూపు అంటే ఏమిటో ఎవరూ ప్రసంగించి చెప్పనక్కరలేదు.

ఈస్టరుకు ముందు వచ్చే 40 రోజుల శ్రమల కాలాన్ని మాత్రం మనం బాగానే పాటిస్తాం. భస్మ బుధవారం నుంచి ఇంటింటా కూటాలు, ఉపవాసాలు. శుభ శుక్రవారం మండుటెండలో 12 నుంచి 3 గంటల దాకా సిలువపై పలికిన ఏడు మాటలు వింటూ, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చునే ముసలివాళ్లను చూస్తే తల వంచాలనిపిస్తుంది. ఈస్టరు తెల్లవారుజామున నారాయణగూడ సమాధుల తోటలో కొవ్వొత్తులు, పూలు. మరి సోమవారం? అంతా అయిపోయింది! ఈస్టరు కాలం, పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు పండుగ దాకా 50 రోజులని ఎంతమందికి తెలుసు? దుఃఖానికి 40 రోజులు, సంతోషానికి 50 రోజులు ఇచ్చారు పెద్దలు. మనం 40 ఉంచుకుని, 50ని ఒక్క పూటకు కుదించేశాం.

పెంతెకొస్తు తర్వాత ఆగమన కాలం దాకా దాదాపు ఆరు నెలలు పెద్ద పండుగలు లేని కాలం. బలిపీఠం మీద పరిచేది ఆకుపచ్చ వస్త్రం. మనకు సరిగ్గా అది తొలకరి పడి నేల పచ్చబడే కాలం. బైబిలులో యాకోబు రాసిన ఉత్తరంలోని రైతు తొలకరి, కడవరి వర్షాల కోసం ఓపికతో కనిపెడతాడు. బైబిలు నాటి ఇశ్రాయేలు దేశంలో తొలకరి అక్టోబర్, నవంబర్ నెలల్లో, కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లో. మన తొలకరి జూన్‌లో. నెలలు వేరైనా ఆకాశం వైపు చూసే చూపు ఒక్కటే. జూన్‌లో మొదటి వాన పడినప్పుడు ట్రాఫిక్‌ను తిట్టుకోవడం కాకుండా ఒక్క స్తోత్రమైనా చెప్పే కుటుంబాలు ఈ నగరంలో ఎన్ని ఉన్నాయి?

‘‘ఈ కాలాలన్నీ బైబిలులో ఎక్కడున్నాయి?’’ అని అడిగే సోదరులు ఉన్నారు. నిజమే, లేవు. డిసెంబర్ 25 కూడా లేదు. దాన్ని ఉంచుకుని, దాని ముందున్న నాలుగు వారాలను మాత్రమే ఎందుకు వదిలేయాలి?

నిన్న ఆరాధన అయ్యాక పాస్టరు గారితో ఇదంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. వచ్చే ఆదివారం మూడో కొవ్వొత్తి, గులాబి రంగుది. దాన్ని అమ్మ చేత వెలిగించాలని అడిగితే సరేనన్నారు. కేకు బల్ల బయట వరండాలో వేయిస్తామన్నారు.